మూడో ద్వారం తుపాకి

మూడో ద్వారం పోయిన రోజున గని ఊరు ఓర్విక్‌లో ఐదుగురు చనిపోయారు. దోచుకునేవాళ్ళు సొరంగంలోంచి వచ్చారు, తలుపు పేల్చారు, నీళ్ళ తొట్లు మూడు ఎత్తుకుపోయారు. అంతా కలిపి రొట్టె కాలినంత సేపు కూడా పట్టలేదు. ఆ ద్వారానికి కాపలాగా ఉన్న తుపాకి సరిగ్గా కావలసినప్పుడు ఆగిపోయింది. ఆపిందెవరన్న ప్రశ్నకి ఊరంతా ఒకటే జవాబు చెబుతోంది. దోవాన్ రెష్.

అది జరిగి రెండు రోజులైంది. ఈ సాయంత్రం ఐదో గంట కొట్టగానే దోవాన్‌ని బయటి తలుపు దాటిస్తారు. తలుపుకి అటువైపు గాలి లేదు. ఓర్విక్ చట్టంలో అంతకంటే పెద్ద శిక్ష లేదు. అది పడ్డవాళ్ళని గురించి మళ్ళీ మాట్లాడుకునే అలవాటూ లేదు.

విచారణాధికారి సెవ్రా ఇల్దెన్ ఖైదీల కొట్టుగదిలోకి వెళ్ళేసరికి దోవాన్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన పళ్ళెంలో నాచురొట్టె ఎండిపోయి ఉంది.

"తినలేదేం?"

"ఆకలి లేదక్కా."

"రెండు రోజుల్నించీనా?"

అతను పళ్ళేన్ని దూరంగా జరిపాడు. సెవ్రా ఎదురుగా నేల మీదే కూర్చుంది. ఆమెకి యాభై దాటాయి. మోకాళ్ళు నొప్పి. అయినా నిలబడి ప్రశ్నలు వేస్తే మనుషులు నేలకే జవాబు చెబుతారని ఆమెకి తెలుసు.

"తుపాకి ఎందుకు ఆగింది దోవాన్?"

"తెలీదక్కా. నా వేలు మీట మీదే ఉంది. ఇనుప గింజలు నిండుగా ఉన్నాయి. ఉన్నట్టుండి మూలిగింది. తర్వాత ఆగిపోయింది."

"అప్పటికి గదిలో దీపాలు వెలుగుతున్నాయా?"

"వెలుగుతున్నాయి. తలుపు పేల్చాకే ఆరిపోయాయి. కరెంటు తీగ తెగింది."

"అంటే కరెంటు ఉండగానే ఆగింది."

"అవును. నాకు శిక్ష వేసింది ఆ మాట మీదే కదా." అతను మొదటిసారి తలెత్తాడు. "కాలిన వాసన వచ్చిందక్కా. ముందు లిర్యాకి వచ్చింది. 'రాగి చుట్ట కాలుతోంది, ఆపెయ్' అంది. నేను ఆపలేదు. వాళ్ళు ఇరవై అడుగుల్లో ఉన్నారు, ఎలా ఆపను? చివరికి అదే ఆగింది."

లిర్యా అతని భార్య. తుపాకికి ఇద్దరు కావాలి. పేల్చేవాళ్ళొకరు, రాగి చుట్టలు వేడెక్కకుండా గొట్టాల్లోకి చల్లనీళ్ళు వదిలేవాళ్ళొకరు. ఓర్విక్‌లో ఆ ఇద్దరూ మొగుడూపెళ్ళాలై ఉండడం మామూలే. చనిపోయిన ఐదుగురిలో లిర్యా ఒకతె.

"ఈ వాసన సంగతి కెప్టెన్ బ్రెన్‌కి చెప్పావా?"

"చెప్పాను. చుట్టలన్నీ పరీక్ష చేయించామనీ, ఒక్కటీ కాలలేదనీ అన్నారు. మరి నేనేం చెప్పను?" అతను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. "నాకింకేం వద్దక్కా. ఒక్కసారి ఆ గదికి తీసుకెళ్ళండి. దాన్ని నిద్రపుచ్చి వచ్చేస్తాను."

"నిద్రపుచ్చలేదా?"

"ఎక్కడ? కరెంటు లేదు. లిర్యా నా ఒళ్ళో ఉంది. అలాగే లాక్కొచ్చేశారు. అది మేలుకునే ఉంది. అలా వదిలేసి రావడం మంచిది కాదక్కా. అడుగుతుంటే పిచ్చెక్కిందంటున్నారు."

సెవ్రా వెంటనే లేవలేదు. ఆమె భర్త రెండో ద్వారంలో తుపాకి పేల్చేవాడు. నీళ్ళు వదిలింది ఆమే. దోవాన్ ఏమంటున్నాడో ఆ ఊళ్ళో చాలామంది అధికారులకి తెలియదుగానీ, ఆమెకి తెలుసు.

తుపాకికి కాగితాల మీద పెద్ద పేరే ఉంది. మోసేవాళ్ళు దాన్ని వడగళ్ళు అంటారు. మందు ఉండదు, నిప్పు ఉండదు. వరసగా బిగించిన రాగి చుట్టల్లోంచి కరెంటు పరిగెత్తుతూ ఇనుప గింజల్ని లాగి విసురుతుంది. రేకు కప్పు మీద వడగళ్ళు పడ్డట్టే ఉంటుంది మోత. పేల్చడం ఆపాక కూడా లోపలి ఇనుప గొట్టం అయస్కాంతంలా పట్టు వదలదు. ఊరంతా ఇనుప గని దుమ్ము. అలాగే వదిలేస్తే దుమ్మంతా గొట్టం మూతికి అంటుకుని మీసాల్లా మొలుస్తుంది. మర్నాడు గింజ ఇరుక్కుంటుంది. అందుకని పని అయ్యాక పిడి తిప్పుతూ కరెంటు మెల్లమెల్లగా తగ్గించాలి. తొందరపడితే పట్టు పోదు. ఎంత మెల్లగా అంటే, నీళ్ళు వదిలే మనిషి పక్కన కూర్చుని ఒక జోలపాట మొదట్నుంచీ చివరిదాకా పాడినంత. దాన్నే నిద్రపుచ్చడం అంటారు. భర్త పోయాక సెవ్రా ఆ పాట పాడలేదు.

"నేను వెళ్ళి చూసి వస్తాను," అంది.

"మీరు పాడగలరు కదక్కా?"

ఆమె తలుపు దాకా వెళ్ళి, "రొట్టె తిను," అని బయటికొచ్చింది.

* * *

కెప్టెన్ హాల్కో బ్రెన్ నడవలోనే నిలబడి ఉన్నాడు. అతను ఓర్విక్‌లో పుట్టినవాడు కాదు. పై ఊరి పాలక కార్యాలయం నుంచి రెండేళ్ళ కిందట వచ్చాడు. వస్తూ తమ్ముణ్ణి కూడా తెచ్చుకున్నాడు. చనిపోయిన ఐదుగురిలో ఆ తమ్ముడొకడు. బ్రెన్ గడ్డం గీసుకోలేదు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"అయిందాండీ పలకరింపు? ఏమంటాడు అల్లుడుగారు?"

"కాలిన వాసన వచ్చిందంటున్నాడు."

"అతను ముక్కుతో చూశాడు. మేం కళ్ళతో చూశాం. పన్నెండు చుట్టలూ కొత్త పెళ్ళికూతురి గాజుల్లా మెరుస్తున్నాయి. తుపాకి బాగుంది. అప్పటికి కరెంటు ఉంది. గింజలున్నాయి. మిగిలింది ఎవరు?"

"చుట్టలు చూసిందెవరు? మీరేనా?"

"నాకేం తెలుస్తుంది? సార్జెంట్ ఒస్మర్ వేత్ చూశాడు. ఈ ఊళ్ళో తుపాకుల గురించి ఆయన కంటే తెలిసినవాడు ఉన్నాడా? ఉంటే చెప్పండి, వాణ్ణే పిలుద్దాం."

"లేడు," అంది సెవ్రా. "గది చూడాలి."

"సీలు వేసిన గది. ఐదో గంట దాకా సీలు తీయకూడదు."

"ఐదో గంట తర్వాత నాకు ఆ గదితో పనేముంది కెప్టెన్ గారూ? అప్పటికి మనిషే ఉండడు."

"ఇల్దెన్ గారూ, మీరు పెద్దవారు. ఒక మాటంటే కోప్పడకండి. మీకు వాడి మీద జాలి. నాకు లేదు. మా అమ్మకి నేనింకా కబురు పంపలేదు. ఏమని రాయాలో తెలియక."

సెవ్రా అతని దగ్గరికి ఒక అడుగు వేసింది. "నేను తప్పని తేలితే, మీ అమ్మగారికి ఆ కబురు మీరు రాయనక్కర్లేదు. నేనే రాస్తాను. నేనన్నదే నిజమైతే, మీరు తప్పు మనిషి పేరు రాసి పంపినవారవుతారు. అది వెనక్కి తీసుకోవడం కష్టం."

బ్రెన్ మొలలోంచి తాళాల గుత్తి తీశాడు.

* * *

మూడో ద్వారం దగ్గర సార్జెంట్ ఒస్మర్ వేత్ బల్ల మీద కూర్చుని ఉప్పుటీ తాగుతున్నాడు. వాళ్ళని చూసి లేచాడు. అరవై ఏళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళు తుపాకులతోనే గడిపాడు. ఊళ్ళో సిపాయిలంతా ఆయన్ని మామ అంటారు. తుపాకి గదిలోకి ఇనుము తీసుకెళ్ళకూడదు కనక వాకిట్లో చెక్కగిన్నె ఒకటి ఉంటుంది. ఆయన దాన్ని ముందుకి జరిపాడు.

"ఇనుముంటే ఇందులో పడెయ్యండమ్మా. చెవులవి రాగివేనా? అయితే ఉండనీండి. కెప్టెన్ గారూ, మీ తాళాలు. గుండె ఇనుముదైతే అది కూడా."

"పరాచికాలొద్దు మామా," అన్నాడు బ్రెన్ తాళాలు గిన్నెలో వేస్తూ.

సెవ్రా తన ఇంటి తాళంచెవి కూడా వేసింది. "లిర్యా మీకు తెలుసా సార్జెంట్?"

"తెలియడమేంటమ్మా. దానికి పాట నేర్పింది నేనే. మొదటి చరణం మహా తొందరగా పాడేసేది. 'ఆగవే, తుపాకి ఇంకా కళ్ళు మూయలేదు' అనేవాణ్ణి." ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. సగం టీ అలాగే వదిలేశాడు. ఆ వయసు మనిషికి, ఆ రెండు రోజుల తర్వాత, అందులో వింతేమీ కనబడలేదు సెవ్రాకి.

బ్రెన్ సీలు తెంపాడు. లోపల ఇప్పటికీ కరెంటు లేదు. చేతిదీపం వెలుతురులో ముందు కనబడింది దుమ్ము. పేలుడుకి కప్పు మీది ఎర్రదుమ్మంతా రాలి, నేల మీదా, గింజల పెట్టె మీదా, నీళ్ళ గొట్టాల మీదా మందంగా పరుచుకుంది. దుమ్ములో ఒకచోట వెడల్పుగా చెరిగిన గుర్తు. దోవాన్‌ని లాక్కెళ్ళింది అక్కణ్ణించే. మధ్యలో మూడు కాళ్ళ మీద తుపాకి.

సెవ్రా దాని చుట్టూ ఒకసారి తిరిగింది. చుట్టలు నిజంగానే మెరుస్తున్నాయి.

"సార్జెంట్, ఒక మేకు ఉంటే ఇస్తారా?" అంది వాకిలి వైపు తిరిగి.

ఒస్మర్ గిన్నెని చేత్తో పక్కకి జరుపుతున్నాడు. ఆ చెయ్యి అలాగే ఆగింది.

"మేకెందుకమ్మా?"

"ఊరికే. ఒకటి చూడాలి."

"ఇక్కడ మేకులుండవు. ఆయుధాల కొట్టులో ఉంటాయి. తెస్తాను." ఆయన వెళ్ళిపోయాడు. నడవలో ఆయన బూట్ల చప్పుడు కొంతసేపు వినిపించింది.

"మేకుతో ఏం చేస్తారు? చిత్రపటం తగిలిస్తారా?" అన్నాడు బ్రెన్.

"దోవాన్‌ని మీరు పట్టుకున్నాక ఈ గదిలో ఎవరున్నారు?"

"సీలు వేశాను కదా."

"వెంటనే వేశారా?"

"లేదు. రెండో గంట కొట్టాక వేశాను. అంతకుముందు... మా తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్ళాను. వాణ్ణి ఇక్కడ దుమ్ములో పడుకోబెట్టలేక." తెంపిన సీలు జేబులో వేసుకుంటూ, "ఒస్మర్‌ని కాపలా పెట్టి వెళ్ళాను," అన్నాడు.

సెవ్రా దీపం తుపాకి మూతి దగ్గర పెట్టింది. "ఇలా రండి. ఇక్కడ ఏం కనబడుతోంది?"

"ఏమీ లేదు. శుభ్రంగా ఉంది."

"చుట్టూ చూడండి."

బ్రెన్ నేల చూశాడు, పెట్టె చూశాడు. గింజల పెట్టె మూత మీద దుమ్ము వేలిముద్ర పడేంత మందంగా ఉంది. తుపాకి మూతికి ఒక్క పోగు కూడా లేదు.

"ఎవరో తుడిచి ఉంటారు."

"తుడిస్తే పోయేది కాదది. మేలుకుని ఉన్న తుపాకిని ఎంత తుడిచినా మళ్ళీ పట్టేస్తుంది. మేకు వస్తే చూపిస్తాను."

మేకు రాలేదు. వాళ్ళు ఎదురుచూశారు. నడవలో ఏ చప్పుడూ లేదు. చివరికి సెవ్రా వాకిట్లోకి వెళ్ళి చెక్కగిన్నెలోంచి తన తాళంచెవి తీసుకొచ్చింది.

"ఇనుము లోపలికి తేకూడదు," అన్నాడు బ్రెన్. అలవాటుగా వచ్చిన మాట అది.

"నిజంగా ఇది మూడో ద్వారం తుపాకే అయితే, ఈ తాళంచెవి నా చేతిలోంచి లాక్కుంటుంది. రెండు రోజుల కిందట మీట నొక్కి ఉండగానే ఆగిన తుపాకి. నిద్రపుచ్చలేదు." ఆమె తాళంచెవిని గొట్టం మూతికి ఆనించి వేళ్ళు వదిలేసింది.

అది నేల మీద పడింది. చప్పుడు చిన్నదే. ఇద్దరూ దానికేసి చూశారు.

బ్రెన్ వంగి దాన్ని తీసి, తనే మళ్ళీ ఆనించి వదిలాడు. మళ్ళీ పడింది.

"అయితే నిద్రపుచ్చారు," అన్నాడు. "ఎవరో వచ్చి నిద్రపుచ్చారు. ఇందులో నేరమేముంది?"

"దేనితో నిద్రపుచ్చారు? పిడి తిప్పి కరెంటు తగ్గించాలి. తగ్గించడానికి ముందు కరెంటు ఉండాలి. తలుపు పేలినప్పటినుంచీ ఈ గదిలో దీపం వెలగలేదని మీకూ తెలుసు."

బ్రెన్ తలెత్తి ఆరిపోయిన దీపాలకేసి చూశాడు. తాళంచెవి ఇంకా అతని చేతిలోనే ఉంది.

"ఇది నిద్రపోయే ఇక్కడికి వచ్చింది కెప్టెన్ గారూ. వేరే చోట, కరెంటున్న చోట, ఎవరో పద్ధతిగా నిద్రపుచ్చి దాచిన తుపాకి. ఇది పేలలేదు. అందుకే చుట్టలు మెరుస్తున్నాయి. దోవాన్ పేల్చింది ఇది కాదు."

"ఊళ్ళో ఉన్నవే ఐదు. నాలుగు ద్వారాలకి నాలుగు. ఇంకొకటి..."

"చెప్పండి."

"ఆయుధాల కొట్టులో. పెట్టెలో." అతని గొంతు ఇప్పుడు మారింది. "దానికి రెండు తాళంచెవులు. ఒకటి నా దగ్గరుంటుంది. రెండోది..."

అతను వాకిలివైపు చూశాడు. బల్ల మీద ఉప్పుటీ గ్లాసు సగం నిండి ఉంది.

"ఈ ద్వారం తుపాకికి చుట్టలు కిందటిసారి మార్చింది ఎవరు?" అంది సెవ్రా.

"కిందటి నెల. ఒస్మరే. 'చూపు ఆనడం లేదు, ఇంకెవరికైనా అప్పగించండి' అన్నాడొకసారి. నేనే నవ్వేశాను. 'మామా, నువ్వు కళ్ళు మూసుకుని చుట్టినా మాకు చాలు' అన్నాను."

మేకు ఒకటి అడగగానే ఒస్మర్‌కి అంతా తెలిసిపోయింది. ఓర్విక్‌లో ఆ మాట అర్థమయ్యేవాళ్ళు పదిమంది ఉంటే వాళ్ళలో ఆయన మొదటివాడు. అలాంటివాణ్ణి ఒంటరిగా కొట్టుకి పంపింది తనే. సెవ్రాకి అప్పుడు తోచింది అది.

* * *

ఆయుధాల కొట్టు తలుపు దగ్గరగా వేసి ఉంది, తాళం లేదు. లోపల పొడుగాటి చెక్కపెట్టె. దాని మూత మీద, సరిగ్గా మధ్యలో, ఒక మేకు పెట్టి ఉంది. పారేసినట్టు లేదు. ఎవరో వచ్చి తీసుకుంటారని పెట్టినట్టుంది.

బ్రెన్ మూత ఎత్తాడు. లోపల దుప్పటి, దాని మీద మూడు కాళ్ళ తుపాకి అదిమిన గుంట. తుపాకి లేదు. దుప్పటి ఒక చివర, మూతి ఆనే చోట, ఎర్రదుమ్ము పోగులు పోగులుగా రాలి ఉంది. కాలిన రాగి వాసన ఇంకా పోలేదు. బ్రెన్ పెట్టెలోకి వంగి ఆ వాసన పీల్చి, అలాగే ఉండిపోయాడు.

సెవ్రా మేకు తీసి దీపం దగ్గర చూసింది. కొసకి దుమ్ము అంటుకుని ఉంది. దులిపినా పోలేదు. మేలుకున్న తుపాకికి తగిలిన మేకు అది. ఒస్మర్ కూడా పరీక్షించి చూసుకున్నాడన్నమాట. తెలిసి కూడా మరోసారి చూసుకుని ఉంటాడు. చెయ్యి తిరిగిన పనివాడు కదా.

"ఎందుకిలా చేశాడు?" అన్నాడు బ్రెన్. "నా దగ్గరికొచ్చి చెప్పొచ్చుగా? చుట్ట సరిగ్గా రాలేదు, తప్పయిపోయింది అని."

"ఐదుగురు పోయాక ఆ మాట చెప్పడానికి నోరు రావాలి."

"అందుకని ఆరోవాణ్ణి చంపుతాడా? పాట నేర్పిన పిల్ల మొగుణ్ణి?"

సెవ్రా పెట్టె మూత దించింది.

బ్రెన్ పెట్టె పక్కన గోడ చూశాడు. "ఇక్కడ తోపుడుబండి ఉండాలి." నేల మీద రెండు చక్రాల జాడ. అది కొట్టులోంచి బయటికి వెళ్ళి ఎడమకి తిరిగింది. ఎడమవైపున్నది ఒకటే. ఖనిజం కరిగించే కొలిమి. పగలంతా మూసి ఉంటుంది. ఐదో గంటకి తెరుస్తారు. అందులో పడ్డదేదీ తన రూపంతో బయటికి రాదు.

"కెప్టెన్ గారూ, మీరు మీ కళ్ళతో చూశారు. దోవాన్‌ని వదిలేయండి."

"నేను చూశాను. న్యాయసభ చూడలేదు." అతను అప్పుడే పరిగెత్తడానికి సిద్ధమవుతున్నాడు. "వాళ్ళకి ఖాళీ పెట్టె చూపిస్తే, కొత్త తుపాకి చూపిస్తే, ఏమంటారు? ఇల్దెన్ గారి ముచ్చట అంటారు. కాలిన చుట్ట కావాలి. ఆ తుపాకి కావాలి. బయటి తలుపు దగ్గర నేను చెప్పేదాకా దోవాన్ మీద ఎవరూ చెయ్యి వెయ్యకుండా మనిషిని పంపి ఆపుతాను, అదొక్కటే నా చేతిలో ఉంది. ఎంతసేపో చెప్పలేను." నాలుగడుగులు వేసి ఆగాడు. "మీరన్నది నిజమే. మా అమ్మకి తప్పు పేరు రాసి ఉండేవాణ్ణి."

అతను సిపాయిల్ని కేకేస్తూ ఎడమకి పరిగెత్తాడు. సెవ్రా వెనకాలే బయల్దేరింది. మోకాళ్ళు సహకరించలేదు. కొలిమి దారి దోవాన్ ఉన్న కొట్టుగది ముందునుంచే పోతుంది. ఆమె అడుగుల చప్పుడు విని దోవాన్ ఊచల దగ్గరికొచ్చాడు. వెనక పళ్ళెంలో రొట్టె సగం తిని ఉంది.

"చూశారా అక్కా? నిద్రపుచ్చారా?"

ఆమె ఊచలు పట్టుకుని ఊపిరి తీసుకుంది. అబద్ధం చెప్పడం తేలికే. అతను నమ్మేవాడు కూడా.

"ఇంకా లేదు దోవాన్. అది అక్కడ లేదు."

"మరెక్కడుంది?"

దూరంగా కొలిమివైపు ఐదో గంట కొట్టడం మొదలైంది. సెవ్రా ఊచలు వదిలి నడిచింది, మేకు గుప్పిట్లో పెట్టుకుని. శిక్ష ఇంకా రద్దు కాలేదు. ఒస్మర్ వేత్ దొరకలేదు. మూడో ద్వారం తుపాకిని ఇంకా ఎవరూ నిద్రపుచ్చలేదు.